అడిగిందే మళ్లీ అడిగితే

"సాఫ్ట్‌వేర్ అని రాద్దామంటే సాఫ్ట్వేర్ అని పడుతోంది. వత్తు రాకుండా ఎలా?"

కంప్యూటర్లోనో ఫోన్లోనో తెలుగు రాసేవాళ్లు పదిమంది చేరిన ప్రతిచోటా ఈ ప్రశ్న ఎదురవుతుంది. యూనికోడ్ తెలుగు నెట్‌లో అప్పుడప్పుడే కుదురుకుంటున్న 2006 ప్రాంతంలో గూగుల్ గుంపుల్లో అడిగారు. ఆ తర్వాత బ్లాగుల్లో అడిగారు, ఫేస్‌బుక్‌లో అడిగారు, ఇప్పుడు వాట్సాప్‌లో అడుగుతున్నారు. జవాబు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పొల్లు హల్లు తర్వాత ఇంకో హల్లు కొడితే అది వత్తుగా మారడం తెలుగు లిపి తీరు. మారకుండా ఆపాలంటే ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికో మీట ఉంటుంది.

ఈ ప్రశ్న వచ్చినప్పుడు మూడు రకాల స్పందనలు చూస్తాం. ఒకరు ఓపిగ్గా ఏ మీట నొక్కాలో చెబుతారు. ఇంకొకరు మాటా పలుకూ లేకుండా ఒక లింకు పడేస్తారు. మూడోవారు "ఇది ఇప్పటికి వందసార్లు చెప్పాం, అడిగే ముందు పాత పోస్టులు వెతకండి" అంటారు. గొడవ మొదలయ్యేది ఇక్కడే. కొత్తవాళ్ల తరఫున కొందరు, పాతవాళ్ల తరఫున కొందరు లేస్తారు. అది చల్లారేసరికి అసలు ప్రశ్న అడిగినాయన గ్రూపులోంచి వెళ్లిపోయి ఉంటాడు.

ఈ తగవులో రెండు వైపులా న్యాయం ఉంది. కాబట్టి ఒకరిని ఓపికగా ఉండమని, ఇంకొకరిని వెతుక్కోమని చెప్పినంత మాత్రాన ఇది తేలదు. ఒకే ప్రశ్న ఎందుకు తిరిగి తిరిగి వస్తోందో ముందు చూడాలి.

"వెతకండి" అన్న సలహానే తీసుకుందాం. సబబైన మాటలాగే వినిపిస్తుంది. కానీ పై ప్రశ్న అడిగిన మనిషి ఏమని వెతకాలి? ఆ కనిపించని అక్షరం పేరు తెలిసి ఉంటే వెతికేవాడే. ఆ పేరు తెలిస్తే ఇక అడగాల్సిన పనే లేదు. కొత్తవాళ్ల ప్రశ్నల్లో చాలావాటి సంగతి ఇదే. వెతకడానికి కావాల్సిన మాట జవాబులోనే ఉంటుంది. పాతవాళ్లకు ఆ మాట ఎప్పుడో నోటికి అలవాటైపోయింది కాబట్టి అది తెలియని రోజులు గుర్తుండవు. "రెండు నిమిషాలు వెతికితే దొరికేది" అని వాళ్లు అనడంలో అబద్ధం లేదు. వాళ్లు వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ఒకే ప్రశ్నను ఒకరు తెలుగు లిపిలో రాస్తారు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, మూడోవారు సగం సగం కలిపి రాస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే ఒక్కో మాటకు నాలుగైదు స్పెల్లింగులు. తెలుగు లిపిలోనే రాసినా వత్తు అనేవారు, ఒత్తు అనేవారు, టైపు, టైప్, టైపింగ్, చెయ్యాలి, చేయాలి. వెతుకుపెట్టె వీటన్నిటినీ ఒకటిగా చూడదు. పైగా ఆ కనిపించని అక్షరమే వెతుకులాటకు అడ్డం పడుతుంది. పేజీలో సాఫ్ట్‌వేర్ అని సరిగ్గా రాసి ఉంటే, ఆ అక్షరం పెట్టడం రాని మనిషి కొట్టిన సాఫ్ట్వేర్ చాలాచోట్ల దానితో జత కుదరదు. అంటే జవాబు తెలియనందువల్లే జవాబున్న పేజీ అతనికి కనిపించకుండా పోతుంది.

ఇక వాట్సాప్ సంగతి. మనం గ్రూపులో చేరకముందు నడిచిన మాటలు మనకు కనిపించకపోవడమే అక్కడి పద్ధతిగా ఉంటూ వచ్చింది. నిన్న సాయంత్రం చేరినవాడికి మొన్నటి జవాబు లేనట్టే. అతన్ని పాత మెసేజీలు చూడమనడం అన్యాయం. టెలిగ్రామ్‌లో పాత సంభాషణ కొత్త సభ్యులకు కనిపించేలా అడ్మిన్ పెట్టవచ్చు. కానీ రోజుకు వందలకొద్దీ మెసేజీలు పడే పోటీ పరీక్షల గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్లి వెతికే ఓపిక ఎవరికుంటుంది?

ఈ బాధ మనతో మొదలైంది కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో తలపెట్టిన యూజ్‌నెట్‌లో ఇదే జరిగింది. విషయానికొక చర్చావేదిక చొప్పున వందలాది న్యూస్‌గ్రూపులు ఉండేవి. తెలుగువాళ్లకూ సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని ఒకటి ఉండేది. అక్కడ తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకునేవారు. యూజ్‌నెట్ సర్వర్లలో చోటు తక్కువ కాబట్టి పాత ఉత్తరాలను కొన్నాళ్లకు చెరిపేసేవారు. చెరిగిపోయిన జవాబు కోసం కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ అడిగేవారు. ఈ తలనొప్పికి మందుగా పుట్టిందే ఎఫ్ఏక్యూ, అంటే తరచూ అడిగే ప్రశ్నల జాబితా. అంతరిక్ష విషయాల మెయిలింగ్ లిస్టు ఒకదానిలో 1980ల్లో నాసాలో పనిచేసే యూజీన్ మియా తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట చేర్చి, కొన్నాళ్లకొకసారి మళ్లీ మళ్లీ పంపడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు మిగతా గుంపులకూ పాకింది. చివరికి అలాంటి జాబితాల కోసమే న్యూస్.ఆన్సర్స్ అనే గ్రూపు పెట్టాల్సి వచ్చింది. వాటి భాండాగారం ఎంఐటీలోని ఒక కంప్యూటర్లో ఉండేది. ఆ కంప్యూటర్‌కు పెట్టిన పేరు ఆర్‌టీఎఫ్ఎం. మాన్యువల్ చదివి చావు అనే కసురుపాటుకు సాంకేతిక లోకంలో వాడే పొట్టి పేరు అది. సాయం చేసే చోటికే ఆ పేరు పెట్టారంటే అప్పటికే ఎంత విసిగిపోయి ఉన్నారో అర్థమవుతుంది.

ఆ రోజుల్లో విసుగుకు కూడా ఒక కాలం ఉండేది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సెప్టెంబరులో కొత్త విద్యార్థులు చేరేవారు, వాళ్లకు మొదటిసారి నెట్ అందేది, అడగ్గూడనివన్నీ అడిగేవారు. పాతవాళ్లు ఓ రెండు నెలలు గొణుక్కుంటూనే నేర్పేవారు. ఆ తర్వాత కొత్తవాళ్లు కూడా పాతవాళ్లలో కలిసిపోయేవారు. 1993-94లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ తన చందాదారులందరికీ యూజ్‌నెట్ అందుబాటులోకి తెచ్చింది. ఇక కొత్తవాళ్ల రాక ఆగలేదు. 1993 సెప్టెంబరు ఎప్పటికీ ముగియని సెప్టెంబరుగా మిగిలిపోతుందని 1994 జనవరిలో ఒకాయన రాశాడు. ఆ మాట నేటికీ వాడుకలో ఉంది.

ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా కొత్తవాళ్లు వచ్చి పాడుచేశారని చెబుతారు. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది. అంతకుముందు వచ్చిన కొత్తవాళ్లు కూడా ఏమీ తెలియకుండానే వచ్చారు. తేడా ఎక్కడంటే, అప్పట్లో ఒక్కో కొత్తవాడికి నేర్పడానికి సరిపడా పాతవాళ్లు ఉన్నారు. ఆ లెక్క తప్పినప్పుడు నేర్పడం కుదరక కసరడం మొదలైంది. మర్యాద చెడింది మనుషుల గుణం మారి కాదు, నేర్పే చేతులు చాలక.

1995 అక్టోబరులో ఇంటెల్ ఉద్యోగి శాలీ హేంబ్రిడ్జ్ పేరుతో ఆర్ఎఫ్‌సీ 1855 అనే నెట్ మర్యాదల పత్రం వచ్చింది. ఏ గ్రూపులోనైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమని అందులో సలహా ఉంది. సరదాగా చర్చించుకునే చోట అది మంచి సలహానే. రేపు వీసా ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడికి, ఇవాళ రాత్రికి దరఖాస్తు గడువు ముగిసే అమ్మాయికి అది పనికిరాదు. మన గ్రూపుల్లోకి ఎక్కువగా వచ్చేది ఇలాంటి అవసరం మీద వచ్చేవాళ్లే.

పాత ప్రశ్నల బెడదను అందరికంటే గట్టిగా పట్టించుకున్నది స్టాక్ ఓవర్‌ఫ్లో. జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో ప్రోగ్రామర్ల కోసం దాన్ని తెరిచారు. ఒకే ప్రశ్నకు ఒకే చోట మంచి జవాబు ఉండాలన్నది వాళ్ల ఆలోచన. ఎవరైనా పాత ప్రశ్నే వేస్తే డూప్లికేట్ అని గుర్తించి మూసేస్తారు, పైన పాత ప్రశ్న లింకు ఉంటుంది. కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు లేదు. అయినా అక్కడ ప్రశ్న మూతపడి నొచ్చుకున్న కొత్త ప్రోగ్రామర్లు ఎందరో.

ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాం. కంప్యూటర్‌తో 0.1, 0.2 కూడిస్తే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ భిన్నాలను సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో రాసే పద్ధతిలో దాచుకుంటుంది. పదో వంతు ఆ పద్ధతిలో ఎంత రాసినా ముగియదు, మన పద్ధతిలో మూడో వంతు 0.333 అంటూ సాగిపోయినట్టే. ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి, ఆ కోసిన ముక్క తేడాగా బయటపడుతుంది. దీని మీద స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2009 నాటి ప్రశ్న ఒకటి ప్రసిద్ధం. ఇప్పుడు ఇంకో మనిషిని ఊహించండి. కిరాణా కొట్టు బిల్లులు కట్టే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాడు. మొత్తంలో పైసా తేడా వస్తోంది. అతను "బిల్లు మొత్తం తప్పు వస్తోంది, నా లూపులో తప్పేమిటి?" అని అడుగుతాడు. తెలిసినవాడికి అది ఆ 2009 ప్రశ్నే. అడిగినవాడికి అది తన కొట్టు, తన లూపు, తన బిల్లు. ఆ రెండూ ఒకటేనని గుర్తుపట్టడమే జవాబులో సగం. ఆ సగం చెప్పకుండా డూప్లికేట్ అని మూసేస్తే, తన ప్రశ్న చదవకుండానే కొట్టేశారని అతను అనుకోవడంలో తప్పేముంది?

ఆట్‌వుడ్ స్వయంగా 2010లో ఈ విషయం మీద రాశాడు. డూప్లికేట్ ప్రశ్నలు అన్నీ చెత్త కావని, ఒకే సమస్యను జనం వేర్వేరు మాటల్లో అడుగుతారు కాబట్టి ఆ వేర్వేరు ప్రశ్నలు మిగిలి ఉంటేనే తర్వాత వెతికేవాళ్లు అసలు జవాబుకు చేరతారని ఆయన వాదన. ఇది గట్టి మాట. బిల్లు ప్రశ్న అక్కడ ఉంటే రేపు ఇంకో కొట్టువాడు ఆ మాటలతోనే వెతుకుతాడు. పాత ప్రశ్న మళ్లీ అడిగిన మనిషి జవాబుకు కొత్త దారి ఒకటి వేసి వెళ్లాడన్నమాట. అతనికి కృతజ్ఞతలు చెప్పాల్సింది పోయి తిడుతున్నాం.

2018 ఏప్రిల్లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే తమ చోటు కొత్తవాళ్లను ఆదరించేలా లేదని, మారాలని బహిరంగంగా రాసింది. ఆ ఆగస్టులో కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది, మొదటిసారి రాసేవాళ్ల పేరు పక్కన కొత్త సభ్యులని గుర్తు పెట్టారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. యంత్రం ఇదివరకే చెప్పాను కదా అనదు, రాత్రి రెండింటికి అడిగినా పలుకుతుంది. చిన్న ప్రశ్నల బెడద వదిలిందని సంతోషించినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇందులో నష్టమే ఎక్కువ కనిపిస్తోంది. ఏ గుంపులోనైనా ఇవాళ పదిమందికి దారి చూపిస్తున్న మనిషి ఒకప్పుడు చిన్న ప్రశ్నతోనే వచ్చి ఉంటాడు. దానికి ఎవరో మనిషి పలికారు కాబట్టి ఉండిపోయాడు. చిన్న ప్రశ్నలు రాకపోతే ఆ రాకపోకలే ఉండవు.

వికీపీడియా అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. కొత్తవాళ్లను కరవవద్దనే మార్గదర్శకం ఇంగ్లిష్ వికీపీడియాలో మొదటి సంవత్సరాల నుంచీ ఉంది. ఐనా అక్కడ చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన దీనికి కారణాలు వెతికింది. మంచి ఉద్దేశంతో వచ్చినవాళ్ల రాతలు కూడా ఎక్కువగా తిరగ్గొట్టడం, ఆ పని యాంత్రిక పనిముట్లతో జరగడం, వాళ్లు నిలవకపోవడానికి ముఖ్య కారణాలని తేల్చింది. దుర్మార్గులు ఎవరూ లేరు. నాణ్యత కాపాడాలని కష్టపడినవాళ్లే తెలియకుండా కొత్తవాళ్లను పంపించేశారు. 2012లో కొత్తవాళ్లు ఏ ప్రశ్నైనా అడగడానికి టీహౌస్ అని ఒక చోటు పెట్టారు. అక్కడ పాత ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఇష్టపడి వచ్చినవాళ్లే కూర్చుంటారు. ఈ ఏర్పాటులో తెలివి ఇదే. ఓపిక లేనివాళ్లను ఓపిక తెచ్చుకోమనలేదు, ఓపిక ఉన్నవాళ్లను ఒకచోటికి చేర్చారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ అందరూ మాట్లాడుకునే చోటికి రచ్చబండ అని పేరు. ఇంగ్లిష్‌తో పోలిస్తే క్రమం తప్పకుండా రాసేవాళ్లు చాలా కొద్దిమంది. అలాంటిచోట కొత్తగా వచ్చిన ఒక్క మనిషి వెళ్లిపోయినా అది పెద్ద లోటే. అక్కడికి తరచూ వచ్చే ప్రశ్న: "నేను రాసిన పేజీ ఎందుకు తీసేశారు?" మన ఊళ్లో పేరున్న తాతగారి గురించి మనవడు ప్రేమగా ఒక పేజీ రాస్తాడు, మర్నాటికి అది ఉండదు. దీనికి "విషయ ప్రాముఖ్యత లేదు, నియమాలు చదవండి" అని జవాబివ్వవచ్చు. అందులో తప్పు లేదు. అదే జవాబు ఇలా కూడా ఇవ్వవచ్చు:

"మీ తాతగారి పేజీ తొలగించింది నేనేనండి. ఒక వ్యక్తి గురించి పత్రికల్లోనో పుస్తకాల్లోనో వేరేవాళ్లు రాసినది ఉంటేనే ఇక్కడ పేజీ నిలుస్తుంది. మీ పేజీలో అలాంటి ఆధారం కనిపించలేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, పేజీని వెనక్కి తెద్దాం. మీ ఊరి పేజీలో 2011 జనగణన అంకెలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఊరి చెరువు గురించో గుడి గురించో అచ్చులో వచ్చినది మీకు దొరికితే అక్కడ చేర్చగలరా?"

రెండో జవాబు రాయడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. కానీ పని ఎవరు చేశారో చెప్పింది, కారణం మామూలు మాటల్లో చెప్పింది, తర్వాత ఏం చెయ్యవచ్చో చెప్పింది. నియమం ఏమాత్రం సడలలేదు. ఆధారం దొరక్కపోతే పేజీ రాదు, మనిషి మాత్రం ఉండే వీలుంది. దీన్నే ఒకసారి మంచిగా రాసి దాచుకుంటే తర్వాత వచ్చేవాళ్లకు పేర్లు మార్చి పంపవచ్చు. దాచుకున్న జవాబు వాడటం అగౌరవం కాదు. మొదటి వాక్యం మాత్రం ఆ మనిషి అడిగినదాన్ని చదివి రాయాలి.

ఇప్పుడు పాతవాళ్ల వైపు. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగి విజయవాడ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో రోజూ వందలమందికి చెబుతాడు. అది ఆయన కొలువు, ఆయనకు జీతం ఉంది, పొద్దు గుంకితే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఆన్‌లైన్ గుంపుల్లో సాయం చేసేవాళ్లకు ఈ మూడూ లేవు. ఉద్యోగం, పిల్లలు, ఇంటిపని అయ్యాక మిగిలిన గంటలో చేస్తారు. అడిగేవాళ్లు వేలల్లో ఉన్నా చెప్పేవాళ్లు ఎక్కడైనా ఐదారుగురే. వాళ్ల విసుగును అహంకారమని కొట్టిపారెయ్యడం అన్యాయం. ఒకరోజు వాళ్లు మానేస్తే గుంపు ఊరికే అడిగేవాళ్లతో నిండిపోతుంది. అలా ఆరిపోయిన గుంపులు చాలా ఉన్నాయి.

కాబట్టి పాతవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: జవాబు చెప్పకపోవడం తప్పు కాదు. విసుగ్గా ఉంటే ఆ ప్రశ్నను దాటి వెళ్లిపోవచ్చు. మీ వంతు మీరు ఎప్పుడో చేశారు. తప్పల్లా విసుగును జవాబుగా రాయడమే. ఎందుకంటే ఆ జవాబు అడిగినవాడు ఒక్కడే చదవడు. గ్రూపులో నోరు విప్పకుండా చూస్తున్న నాలుగొందల మంది చదువుతారు. వాళ్లలో రేపు అడుగుదామనుకుంటున్న అమ్మాయి ఉంటుంది, ఇంగ్లిష్ సరిగా రాదని జంకుతున్న కుర్రాడు ఉంటాడు. ఒకరిని కసిరితే వీళ్లందరికీ అడగకూడదని పాఠం చెప్పినట్టే. వాళ్లు వెళ్లిపోయారని ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఏకవచనంలో "వెతుక్కో" అనడం, నవ్వే బొమ్మలు పెట్టడం, స్క్రీన్‌షాట్ తీసి వేరే గ్రూపులో ఎగతాళి చెయ్యడం, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

పాతవాళ్లు తప్పుకుంటే జవాబు ఎవరిస్తారు? పోయిన నెల అదే ప్రశ్న అడిగినవాడు. సాధారణంగా ఆ ప్రశ్నకు అతనే తగినవాడు కూడా. ఎక్కడ తడబడ్డాడో, ఏ మాట అర్థం కాలేదో అతనికి ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా తెలుగు కొడుతున్నాయన "ఆ మీట నొక్కండి" అంటారు. నెల కిందట నేర్చుకున్నవాడు "ఫోన్లో అయితే ముందు తెలుగు కీబోర్డు తెరవండి, మీ కీబోర్డును బట్టి మీట ఉండే చోటు మారుతుంది, నాకైతే మొదట కనిపించలేదు" అంటాడు. అతని జవాబులో చిన్న తప్పు ఉంటే పాతవాళ్లు ఒక వాక్యంలో దిద్దవచ్చు, అదీ అతన్ని చిన్నబుచ్చకుండా. అతనికి ఆ గుంపులో మొదటిసారి ఒక కుర్చీ దొరుకుతుంది. మంచి అడ్మిన్లు చాలాసార్లు జవాబు తెలిసీ గంటసేపు ఆగుతారు. అది బద్ధకం కాదు.

అడిగేవాళ్లకూ బాధ్యత ఉంది, దాన్ని దాటవెయ్యను. "అన్నా, పీడీఎఫ్ పెట్టండి" అని పది గ్రూపుల్లో ఒకే మెసేజీ పడేసి పోయేవాళ్లు, ఇచ్చిన జవాబు చదవకుండా మర్నాడు మళ్లీ అదే అడిగేవాళ్లు కొత్తవాళ్లు కారు. వాళ్లకు తెలియనిది విషయం కాదు, ఎదుటివాళ్ల సమయం విలువ. వీళ్లను ఒకసారి మెత్తగా, రెండోసారి సూటిగా హెచ్చరించడంలో మర్యాదలోపం లేదు. నిజంగా తెలియక వచ్చినవాళ్లు చెయ్యాల్సినవి కొన్నే: ఏ ఫోను, ఏ కీబోర్డు, తెర మీద ఏం రాసి వచ్చింది, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు. తప్పు చూపిస్తున్న తెర ఫొటో ఒకటి పెడితే సగం ప్రశ్నలు తగ్గిపోతాయి. పని జరిగాక తిరిగి వచ్చి ఏది పనిచేసిందో ఒక ముక్క రాయాలి. చాలామంది థాంక్స్ అన్నా అని ఆగిపోతారు. ఏ సలహా పనిచేసిందో రాస్తే ఆ సంభాషణ తర్వాత చదివేవాళ్లకు జవాబవుతుంది.

తరచూ అడిగే ప్రశ్నల పేజీ ఉంటే చాలనుకుంటారు. అది ఎలా ఉందన్నది ముఖ్యం. సీ అనే ప్రోగ్రామింగ్ భాష న్యూస్‌గ్రూపు కోసం స్టీవ్ సమ్మిట్ 1990 నుంచి నడిపిన ఎఫ్ఏక్యూ తరాల ప్రోగ్రామర్లకు ఉపయోగపడింది. ఒక మనిషి ఏళ్ల తరబడి దాన్ని తన పనిగా చూసుకున్నాడు, అదే దాని బలం. మన గ్రూపుల్లో కనిపించేవి ఎక్కువగా ఒకే రాత్రి ఉత్సాహంగా రాసి వదిలేసినవి. మొదట పదిహేడు నిబంధనలు, అన్నీ "చెయ్యరాదు"లే, ఎక్కడో చివర అసలు సమాచారం. ప్రశ్న శీర్షికలు తెలిసినవాళ్ల మాటల్లో ఉంటాయి. "జీరో విడ్త్ నాన్ జాయినర్ వినియోగం" అని శీర్షిక పెడితే అది వెతికేది ఎవరు? "సాఫ్ట్వేర్ అని పడుతోంది, వత్తు రాకుండా ఎలా" అని అడిగినవాళ్ల మాటల్లోనే, వాళ్ల స్పెల్లింగుతోనే పెట్టాలి. అదే ప్రశ్న ఇంకో రకంగా వస్తే ఆ మాటలు కూడా కింద చేర్చాలి. ప్రశ్న తిరిగి వచ్చిన ప్రతిసారీ పేజీలో ఏదో సరిగా లేదని గుర్తు. వాట్సాప్‌లో పిన్ చేసే మెసేజీ గరిష్ఠంగా ముప్పై రోజులే ఉంటుంది కాబట్టి ఆ పేజీ లింకు గ్రూపు వివరణలో ఉండటం మేలు.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత ప్రశ్నకు పాత జవాబే సరైనదని హామీ ఏమీ లేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు కనిపించాలంటే సీడీ పెట్టి సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల మద్దతు వేసుకోమనేవారు. ఇప్పుడు ఆ పేజీకి వెళ్లినవాడికి అయోమయమే మిగులుతుంది. టైపింగ్ విషయంలో ఐతే గంట వృథా అవుతుంది, అంతకంటే నష్టం లేదు. వీసా గ్రూపుల్లో అలా కాదు.

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు, ఉద్యోగుల గ్రూపుల్లో ఏళ్లుగా నలిగిన ప్రశ్న: "నాకు డ్రాప్‌బాక్స్ ఉంటుందా?" అంటే ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వీసా ముద్ర వేయించుకోవచ్చా అని. 2024లో అయితే పాత వీసా గడువు ముగిసి 48 నెలలు దాటకపోతే చాలామందికి వీలుంది అన్నది జవాబు. 2025 ఫిబ్రవరిలో ఆ 48 కాస్తా 12 అయింది, వీసా తరగతి కూడా అదే అయి ఉండాలన్నారు. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులు, హెచ్‌1బీ ఉద్యోగులతో సహా ఎక్కువమంది ఇంటర్వ్యూకు వెళ్లక తప్పని పరిస్థితి. ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు, జవాబు రెండేళ్లలో మూడు రకాలైంది. ఈ మధ్యలో "పైన పిన్ చేసింది చూసుకోండి" అన్న పాతకాపు ఒకరు, ఆ పిన్‌ను నమ్మి టిక్కెట్లు కొనుక్కుని ఇండియా వచ్చిన ఉద్యోగి ఒకరు ఉంటే, అలాంటప్పుడు పోయేది ఉద్యోగమే కావచ్చు.

అలాంటి గ్రూపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నే కాపలా. ఎవరో ఒకరు అడిగితేనే "ఇది ఇంకా నిజమేనా?" అని ఇంకొకరు కాన్సులేట్ సైటు తెరిచి చూస్తారు. అందుకని జవాబుల పేజీలో ప్రతి జవాబు పక్కనా చివరిసారి సరిచూసిన తేదీ వెయ్యాలి, అధికారిక పేజీ లింకు ఇవ్వాలి, సరిచూసే పని ఫలానావారిదని గ్రూపులో చెప్పుకోవాలి, ఆ వంతు ఆరునెలలకోసారి మారాలి. తేదీ పాతబడిన జవాబును ఎంత బాగా రాసి ఉన్నా తీసెయ్యాలి. దాన్ని రాసినవాళ్లకు ముందుగా ఒక మాట చెప్పి తీసేస్తే వాళ్లూ నొచ్చుకోరు.